పెరటి కొలనులో చేపలు



గత మాసమున పెరటి పూలమొక్కలకు నీరు పెట్టు విధమును గూర్చి వ్రాసియుంటిమి. దానిని చదివి యొక సోదరి మాకు వ్రాసిన యుత్తరమే ఈ మాసపు వ్యాసమునకు కారణమైనది. ఆమె యింటి పెరటిలో నూతి ప్రక్కను నాలుగడుగుల పొడవు, రెండున్నర యడుగుల వెడల్పు గల సిమెంటు తొట్టి యొకటి యున్నదట. పిల్లలు తిరునాళ్లలో ముచ్చటపడి ఆఱు బంగారు చేపలను కొనితెచ్చి అందులో విడిచిరట. వారము తిరుగకమునుపే నాలుగు చచ్చినవి. "పూటపూటకు మరమరాలు వేసితిమి, రెండు దినముల కొకసారి తొట్టి తోమి క్రొత్తనీరు పట్టితిమి. ఇంతకంటె నేమి చేయవలెను? మా చిన్నపిల్ల యేడుపు మాన్పలేక యున్నాము" అని యామె వ్రాసినారు.

ఈ యుత్తరము చదివి మేము ఆశ్చర్యపడలేదు. ఏలయనగా మొదటి యేడు మేమును సరిగా నిట్లే చేసితిమి. ఆ చేపలు అలక్ష్యమువలన చావలేదు, మితిమీఱిన యాదరమువలన చచ్చినవి. ఆవును పెంచువారు ఆవును చూచుకొందురు, కోడిని పెంచువారు కోడిని చూచుకొందురు. చేపను పెంచువారు మాత్రము మొదట నీటిని చూచుకొనవలెను. చేప పీల్చుట, తినుట, విసర్జించుట అన్నియు ఆ నీటిలోనే గదా. వంటయిల్లు, పడకగది, మరుగుదొడ్డి మూడును ఒకే గదిలో నుంచుకొని, దానికి కిటికీ యైనను లేకుండ కాపురము చేయుట యెట్లుండునో యొకసారి యోచించినచో, చేప స్థితి మనకు బోధపడగలదు. కావున ఈ వ్యాసమంతయు నొక్క మాటకు వ్యాఖ్యానమే యని తలంపుడు: నీటిని పెంచినచో చేప తానే పెరుగును.

ఈ వినోదము క్రొత్తది కాదు. కల్యాణి చాళుక్య చక్రవర్తియైన మూడవ సోమేశ్వరుడు పండ్రెండవ శతాబ్దిలో రచించిన 'మానసోల్లాస' మను సంస్కృత గ్రంథమున మత్స్యవినోదమను ప్రకరణమే కలదు. అందు చేపల జాతులును, వానికి వేయదగిన మేతలును వివరింపబడినవి. చీనాదేశీయులు వేయి సంవత్సరములకు పూర్వమే, మబ్బువన్నె గల సామాన్యపు చేపలలో అరుదుగా పసుపువన్నెతో పుట్టిన వానిని వేఱుచేసి, తరతరములుగా ఏర్చి పెంచి, నేటి బంగారు చేపను సాధించిరి. జపానులో నీగటా ప్రాంతపు కొండపల్లెల రైతులు తిండికై కుంటలలో పెంచుకొను చేపలనుండియే పందొమ్మిదవ శతాబ్దిలో ఎఱుపు తెలుపు మచ్చలుగల కోయి చేపలను రూపొందించిరి. 1914లో టోక్యో నగరపు ప్రదర్శనమున చూపిన పిమ్మటనే ఆ చేపల కీర్తి దేశమంతట వ్యాపించినది. రాజును, రైతును ముచ్చటపడిన పని గృహిణికి మాత్రమేల పనికిరాదు?

తొట్టి యెట్లుండవలెను

చేపలకు లోతుకంటె వెడల్పు ముఖ్యము. గాలి నీటిలో కలియునది పైతలమునందే. కావున నూయివలె ఇఱుకుగా నున్న తొట్టికంటె విశాలమైన తొట్టి మేలు. అయినను మన వేసవిలో అడుగు లోతు నీరు మధ్యాహ్నమునకు వెచ్చపెట్టినట్లగును గనుక మూడడుగుల లోతుండుట మంచిది. పది యడుగుల పొడవు, ఆఱడుగుల వెడల్పు, మూడడుగుల లోతు గల తొట్టిని ఉదాహరణముగా తీసికొందము. ఇందు 180 ఘనపుటడుగుల నీరు, అనగా సుమారు 5,000 లీటర్లు పట్టును. దీని పైతలము 60 చదరపుటడుగులు. ఈ రెండంకెలను జ్ఞాపకముంచుకొనుడు.

పూర్తి యెండయు, పూర్తి నీడయు కూడదు. ఉదయపు టెండ నాలుగైదు గంటలు తగిలి, మధ్యాహ్నము నీడపడు చోటు శ్రేష్ఠము. వేప, చింత మొదలగు చెట్లక్రింద కట్టినచో రాలిన యాకు కుళ్లి నీటిని చెఱచును. పడమటి వైపున పందిరి వేసి బీరపాదో దొండపాదో ప్రాకించినచో నీడయు, కూరయు రెండును దక్కును.

క్రొత్తగా కట్టిన సిమెంటు తొట్టిలో వెంటనే చేపలను విడుచుట వానిని సున్నపుతేటలో వేయుటతో సమానము. సిమెంటులోని సున్నము నీటిలోనికి దిగి మొప్పలను, చర్మమును కాల్చును. తొట్టిని నింపి మూడు నాలుగు దినములుంచి, నీరంతయు తోడిపోసి, కొబ్బరిపీచుతో గోడలు తోమి, మరల నింపవలెను. ఇట్లు మూడు వారములపాటు నాలుగైదు మారులు చేయవలెను. అరటిబోదెను ముక్కలుగా నఱికి నాలుగు దినములు అందులో నానవేయు నలవాటు కలదు. మంచిదే గాని, ఆ బోదెనీటిని పూర్తిగా పారబోసి కడిగిన పిమ్మటనే చేపల కొఱకు నీరు పట్టవలెను.

పట్టణములలో కుళాయినీటియందు క్లోరిను కలుపుదురు. మనకు రక్షణయైన యీ మందు చేప మొప్పలకు విషము. వెడల్పైన పాత్రలలో నీటిని రెండు దినములు ఎండకును గాలికిని ఉంచినచో అది సామాన్యముగా ఎగిరిపోవును. బోరునీటిలో క్లోరిను బాధ లేదు గాని, భూమి లోతునుండి వచ్చుటచేత అందు ప్రాణవాయువు తక్కువగా నుండును. దానిని ఎత్తునుండి ధారగా పోసి, ఒక దినము నిలువయుంచి వాడుకొనవలెను.

నీరు తోడుకొనుట

ఇక మా సోదరి తొట్టిలో జరిగినదేమో చెప్పెదము. చేప తన మొప్పలగుండ అమ్మోనియాను విడుచును. తినగా మిగిలిన మరమరాలు కుళ్లినను అదియే పుట్టును. ఇది చేపకు విషము. ప్రకృతిలో దీనిని శుద్ధిచేయు పనివారు లేకపోలేదు. తొట్టిగోడలకు, రాళ్లకు, మొక్కల వేళ్లకు జిగురువలె పట్టియుండు సూక్ష్మజీవులు అమ్మోనియాను మొదట నైట్రైటుగను, పిమ్మట నైట్రేటుగను మార్చును. మొదటి రెండును విషములు. మూడవది మొక్కలకు ఎరువై పోవును.

పాలలో చేమిరి వేసిన తక్షణమే పెరుగు కాదు గదా! ఆలాగుననే ఈ సూక్ష్మజీవులు తగినంతగా వృద్ధిచెందుటకు నాలుగు మొదలు ఆఱు వారములు పట్టును. రెండు దినముల కొకసారి తొట్టి తోమి కడుగుట యనగా తోడుకొనుచున్న పాలను పారబోసి, మరల పచ్చిపాలు పోయుటయే. మా సోదరి శుభ్రతకై పడిన శ్రమయే ఇక్కడ బెడిసికొట్టినది. తొట్టి గోడకు పట్టిన పలుచని పచ్చదనమును చూచి మనకు చేతులు దురదపెట్టును. దానిని తోమకుడు. అది మాలిన్యము కాదు, మన తొట్టికి తోడు.

కావలసిన దింతే. మొదటి నెల రెండు చేపలకంటె ఎక్కువ విడువకుడు. వారమున కొకసారి నాలుగవవంతు నీరు మాత్రమే తీసి, క్లోరిను పోయిన నీటితో నింపుడు. ఆరోగ్యముగా నున్న పాతకొలను గలవారి యింటినుండి దోసెడు గులకరాళ్లు తెచ్చి వేసినచో తొట్టి త్వరగా తోడుకొనును. తీసిన నీటిని పారబోయక పూలమొక్కలకు పోయుడు. గతమాసమున చెప్పిన యెరువులన్నిటికంటె అది తక్కువదేమియు కాదు.

ఏ చేపలు, ఎన్ని

చేపపిల్లను కొనునప్పుడు దాని నేటి పరిమాణమును కాక, పెరిగిన పరిమాణమును చూడవలెను. పాతికాపరులు చెప్పు లెక్క యొకటి కలదు: ఒక చదరపుటడుగు నీటితలమునకు ఒక అంగుళము చేప. బంగారు చేప పెరిగి ఆఱంగుళములు, ఒక్కొక్కప్పుడు అంతకంటె నెక్కువ యగును. మన 60 చదరపుటడుగుల తొట్టికి ఈ లెక్కను పది చేపలు. మన దేశపు వేడికి అందులో సగముతో తృప్తిపడుట వివేకము. మా సోదరి తొట్టి తలము పది చదరపుటడుగులు. అందులో ఆఱు బంగారు చేపలు విడుచుట ఒంటిగది యింటిలో పెండ్లివారిని దింపినట్లయినది.

బంగారు చేపలలో ఒంటితోకతో పొడవుగా నుండునవి చురుకైనవి, ఓర్చుకొనగలవి. రెండుతోకలు, ఉబ్బిన పొట్ట గలవి చూడముచ్చటైనవే గాని ఈదుటకు బద్ధకించును, మేత దగ్గఱ వెనుకబడును. రెంటిని కలిపి పెంచకుడు. బాగుగా చూచినచో బంగారు చేప పదేండ్లకు పైగా జీవించును. అనగా నేడు ఏడేండ్ల పిల్ల తెచ్చిన చేప ఆ పిల్ల కళాశాలకు పోవు నాటికిని తొట్టిలో నుండవలసినదే. ఈ సంగతి కొనుటకు ముందే పిల్లలకు చెప్పుడు.

కోయి చేప అందమునకు మోసపోకుడు. అది రెండడుగులకు పైగా పెరుగును. ఒక్కొక్కదానికి వేయి లీటర్లకు తక్కువ కాని నీరు కావలెను. కలువదుంపలను పెల్లగించును. నీటిని నిరంతరము వడగట్టు యంత్రము లేని యింటికి అది తగదు.

చిన్న తొట్టిగలవారికి మన వాగులలోని చిన్న చేపలే ఉచితములు. పరిగెల జాతివి, నీలిచారల జీబ్రా చేపలు రెండంగుళములకు కొంచె మిటునటుగా నుండి గుంపులుగా తిరుగుచు కన్నులకు పండువు చేయును. ఈ జీబ్రా చేప మన దేశపు నీటిదే. నేడు ప్రపంచమందలి పరిశోధనాలయములలో శాస్త్రజ్ఞులు దీనిని పెంచి జీవరహస్యములను పరిశీలించుచున్నారు. నడినెత్తిమీద వెండిచుక్కతో నీటి పైపైనే తిరుగు చిన్నచేప మఱియొకటి కలదు. అది దోమపిల్లలను వెదకి తినును. బంగారమునకు లొంగిన కన్నులకు ఇవి మొదట ఆనకపోవచ్చును. ఒక నెల చూచినవారు మరల విడువరు.

చేపలు తినువారి యిండ్లలో తొట్టిలోనే పెంచుకొందమను కోరికయు పుట్టును. బొచ్చె పైనీటిలోను, శీలావతి నడినీటిలోను, ఎఱ్ఱమోసు అడుగునను మేయును గనుకనే మన రైతులు మూడింటిని కలిపి చెఱువులో విడుతురు. వారు హెక్టారునకు 5,000 మొదలు 10,000 వఱకు పిల్లలను వేయుదురు. అనగా రెండు చదరపు మీటర్లకు ఒకటి మొదలు రెండు. మన తొట్టి ఐదున్నర చదరపు మీటర్లకు ఈ లెక్కను మూడు మొదలు ఐదు చేపలు మాత్రమే. ఏడాది పెంచి ఒక పండుగకు వండుకొనవచ్చును, అంతకుమించి యాశింపరాదు. ఇవి తొట్టిలో పిల్లలు పెట్టునని కూడ తలంపకుడు. నిలువనీటిలో ఇవి గ్రుడ్లు పెట్టవు. పూర్వము వరదకాలమున నదులలో దొరకు పిల్లలే రైతులకు గతి. 1957 జూలై 10వ తేదీన ఒడిస్సాలో హీరాలాల్ చౌధురిగారు చేపల మెదడు క్రిందనుండు గ్రంథిరసమును ఎక్కించి ఈ జాతులచేత గ్రుడ్లు పెట్టించిరి. ఆ దినమునే నేడు దేశమంతట జాతీయ మత్స్యరైతు దినముగా జరుపుచున్నారు.

కొఱ్ఱమీను తెలంగాణ రాష్ట్రపు చేపగా గౌరవింపబడినది, రుచియందును ఘనమైనది. కాని తోడిచేపలను మ్రింగును, తొట్టి దాటి దుమికిపోవును. వాలుగయు నట్టిదే. తిలాపియా 1952లో మన దేశమునకు వచ్చినది. ఇది ఆగక పిల్లలు పెట్టి తొట్టిని నింపివేయును. ఆఫ్రికా జాతి క్యాట్‌ఫిష్ పెంపకము మన దేశమున నిషిద్ధము. ఎవరైన చవుకగా నిచ్చెదమన్నను పుచ్చుకొనకుడు.

కొనునప్పుడు, విడుచునప్పుడు

రెక్కలు విప్పి, చురుకుగా తిరుగు చేపను ఎన్నుకొనుడు. రెక్కలు ముడుచుకొని మూల నిలిచినదానిని, ఒంటిపై తెల్లని చుక్కలో దూదివంటి పొరయో గలదానిని వదలుడు. అమ్మువాని తొట్టిలో ఒక్క చేప చచ్చి తేలుచున్నను, ఆ తొట్టిలోని తక్కిన వానిని కొనకుడు. ఎండ తగ్గిన పిమ్మట ఇంటికి తెచ్చి, సంచిని విప్పక పావుగంటసేపు నీటిపై తేల్చియుంచుడు. తరువాత కొంచెము కొంచెముగా ఇంటి నీటిని సంచిలో పోయుచు, అరగంటకు చేపను మాత్రము విడుడు. తొట్టిలో ముందే చేపలున్నచో, క్రొత్తవానిని రెండు మూడు వారములు వేఱొక గంగాళములో నుంచి, రోగము లేదని తెలిసిన పిమ్మటనే కలుపుడు. క్రొత్తకోడలిని తెచ్చినంత తొందరతో చేపను తేరాదు.

మేత

ఐదు నిమిషములలో తినగలిగినంతయే మేత. దినమున కొకసారి చాలును. మరమరాలు ఉబ్బునే గాని బలము నీయవు. తవుడును, వేరుసెనగ చెక్కపొడిని సమముగా కలిపి ముద్దచేసి వేయుట తిండిచేపలకు చాలకాలముగా వాడుకలోనున్న పద్ధతి. బంగారు చేపలకు అంగడిలో దొరకు గుళికలతోబాటు వారమున కొకసారి ఉడికించిన తోటకూర, పొట్టుతీసిన బఠాణీలు పెట్టవచ్చును. మబ్బు పట్టిన దినమున మేత మానివేయుడు. పెండ్లికో పుష్కరములకో వారము దినములు ఊరికి పోవునప్పుడు ప్రక్కింటివారికి మేత యప్పగింపకుడు. తోడుకొనిన కొలనులోని పెద్దచేపలు వారము దినములు ఉపవాసము చేయగలవు. దయగల పొరుగువారు వేసిన మేత కుళ్లి చంపిన చేపలే యెక్కువ.

ఒక వేకువజాము

ఇచ్చట మా తప్పును కూడ చెప్పుకొనవలెను. పైన చెప్పిన కొలత గల మా తొట్టిలో మొదటి యేడు ఇరువదిరెండు బంగారు చేపలుండెడివి. జ్యేష్ఠమాసమున చుట్టములు వచ్చిరి. వచ్చిన పిల్లలందఱును పోటీపడి మేత వేసిరి. వరుసగా మూడు దినములు మబ్బు పట్టి, గాలి కదలక ఉక్కపోసినది. నీరు చిక్కని పచ్చగా నుండుట చూచి బలముగా నున్నదనియే మేము సంతోషించితిమి.

నాలుగవనాడు తెల్లవాఱుజామున మా అత్తగారు నీళ్లు తోడుటకు పెరటిలోనికి వచ్చి, చేపలన్నియు పైకి తేలి నోళ్లు తెఱచుచుండుట చూచినారు. "అయ్యో, ఆకలికి నోళ్లు తెఱచుచున్నవి" అని గుప్పెడు తవుడు తెచ్చి చల్లినారు. ఒక్కటియు దానిని ముట్టలేదు. అప్పుడామె మమ్ము లేపినారు. మేము పోయిచూచునప్పటికి పెద్దచేపలు అప్పుడే వెల్లకిలబడియున్నవి. ఏమి చేయుటకును తోచక, పిల్లలును మేమును నూతిలోనుండి బిందెలతో నీరు తోడి నిలువెత్తునుండి తొట్టిలో పోసితిమి. తెల్లవాఱునప్పటికి తొమ్మిది చచ్చినవి, పదమూడు బ్రతికినవి. మా అత్తగారు ఆ దినమంతయు అన్నము తినలేదు. తన తవుడే చంపినదని యామె నమ్మినారు. అది నిజము కాదని చెప్పగల జ్ఞానము అప్పటికి మాకు లేదు.

తరువాత తెలిసికొన్న కారణమిది. వేడినీటిలో ప్రాణవాయువు తక్కువ నిలుచును. 20 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు ఇముడగా, 30 డిగ్రీల నీటిలో ఏడున్నరకు మించి యిమడదు. నీటిలోని పచ్చినాచు పగటియెండలో ప్రాణవాయువును పుట్టించును. చీకటిలో తానును చేపలవలెనే దానిని పీల్చును. కావున సూర్యోదయమునకు ముందటి గడియలలో నీరు మిక్కిలి పేదగా నుండును. మబ్బుదినములలో పగటి సంపాదనయు తగ్గును, మిగిలిన మేత కుళ్లుటకు కూడ ప్రాణవాయువు ఖర్చగును. పెద్దచేపకు ఎక్కువ కావలెను గనుక అదియే ముందు పోవును. మా అత్తగారి గుప్పెడు తవుడు కాదు, మా యిరువదిరెండు చేపలే ఆ తొమ్మిదింటిని చంపినవి.

నాటినుండి మేము వేకువనే లేచి మొదట తొట్టిని చూతుము. చేపలు పైకి వచ్చి నోళ్లు తెఱచినచో అది ఆకలి కాదు, ఉక్కిరిబిక్కిరి. వెంటనే నీటిని చెంబులతో ముంచి ఎత్తునుండి పోయుడు, లేదా క్లోరిను లేని క్రొత్తనీరు ధారగా విడుడు. చిన్న విద్యుత్ పంపుతో నీటిని చిమ్మించు వసతి గలవారు సాయంకాలము చుట్టములకు చూపి రాత్రి ఆపివేయుదురు. అది విపరీతము. రాత్రియే దాని యవసరము. పంపుగలవారు నీటిలో చేయి పెట్టుటకు ముందు విద్యుత్తును తప్పక ఆపవలెను.

మొక్కలు, దోమలు, పిల్లలు

కుండలో మన్నుపోసి నాటిన కలువ, తామర నీటికి నీడ నిచ్చును. ఆకులు నీటితలములో సగముకంటె ఎక్కువ కప్పకుండ చూచుకొనుడు. గుర్రపుడెక్క పువ్వు ఎంత యందముగా నున్నను ఇంటిలోనికి రానీయకుడు. అది వారముల వ్యవధిలో రెండింతలై తొట్టినంతను కమ్మివేయును. చిన్నతొట్టిలో లకుముకిపిట్ట, కొంగ, పిల్లి వీనినుండి రక్షణకై ఒక ప్రక్కను పగిలిన కుండపెంకులు గుహవలె అమర్చుడు.

నిలువనీరు దోమలకు పుట్టినిల్లు. 1897 ఆగస్టు 20వ తేదీన సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దొర దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్న సంగతి మీ రెఱుగుదురు. మలేరియాను, డెంగ్యూను మోయు దోమలలో కొన్ని మన యింటి మంచినీటి తొట్లలోనే పెరుగును. గ్రుడ్డు దోమయగుటకు వేసవిలో వారము పదిదినములు చాలును. చేపలున్న తొట్టి ఈ బాధను తప్పించును. చేపలు లేని ఖాళీతొట్టియే ప్రమాదము. కావున చేపలు చచ్చినచో తొట్టిని అట్లే విడువక, ఖాళీచేసి బోర్లించుటయో ఎండబెట్టుటయో చేయుడు.

అన్నిటికంటె ముఖ్యమైన మాట యింకొకటి. అడుగులు వేయు పిల్లలు జానెడు నీటిలోనైనను ప్రాణము పోగొట్టుకొందురు, చప్పుడు కూడ కాదు. ఇంట ఐదేండ్లలోపు పిల్లలున్నచో తొట్టికి గట్టి యినుపవల మూతవేయుడు, లేదా చుట్టును పిల్లలెక్కలేని కంచె కట్టుడు. అదియు చేయలేనివారు పిల్లలు ఎదుగు వఱకు కొలను కోరికను వాయిదా వేసికొనుట మేలు. చేప వచ్చే యేడైనను దొరకును.

చెఱువులో విడువకుడు

చేపలు పెరిగినప్పుడో, పెంచుటకు విసిగినప్పుడో "పాపము, చెఱువులో వదలి పుణ్యము కట్టుకొందము" అను బుద్ధి పుట్టును. ఇది పుణ్యము కాదు. దోమల నివారణకై 1928లో మన దేశమునకు తెచ్చిన గాంబూసియా యను చిన్నచేప, పోయిన చోట్లనెల్ల దేశీయ చేపల గ్రుడ్లను, పిల్లలను తిని, ప్రపంచమున మిక్కిలి చెఱుపుచేయు జీవజాతుల పట్టికలో చేరినది. అంగడినుండి తెచ్చిన చేప తనతో రోగమును కూడ చెఱువునకు కొనిపోవచ్చును. మనకు వలదన్న చేపను అడిగిన స్నేహితురాలికో, అమ్మిన అంగడికో ఇచ్చుడు. ఊరిచెఱువు మీద బెస్తవారి కుటుంబముల అన్నము ఆధారపడియున్నది. మన ముచ్చటకు వారి వల ఖాళీ కారాదు.

ఇక మా సోదరికి మా సమాధానము. మీయొద్ద మిగిలిన రెండు బంగారు చేపలను పెద్దకొలను గల యింటికి ఇచ్చుడు. తొట్టిని ఇక తోమకుడు. నెల దినములు నీరు నిలిపి, వెండిచుక్క చేపలో జీబ్రా చేపలో ఒక నాలుగింటిని మొదట తెచ్చి విడుడు. నీటిలో దోమపిల్లలు పుట్టకుండ ఆ నెల దినములును తొట్టిపై పాతచీర గుడ్డ బిగించి కట్టుడు. మీ చిన్నపిల్లకు మేత డబ్బా నీయక, వేకువనే తొట్టిని చూచి మీకు సంగతి చెప్పు పని నిండు. మేత వేయుటకంటె చూచుటయే ప్రేమయని ఆ పిల్లకు కొలనే నేర్పగలదు. ఆ నాలుగు చేపలు దీపావళి వఱకు సుఖముగా నున్నచో మాకు మరల వ్రాయుడు.